పాటను సవరించు హక్కు: కమ్యూనిటీ రేడియోయు, పడమటి నెల్లూరి పాటయు

ఉదయగిరి పేరు మన సాహిత్యచరిత్రలలో రెండు మూడు తావులనే వినవచ్చును. నంది మల్లయ, ఘంట సింగయ అను జంటకవులు తమ ప్రబోధచంద్రోదయమును ఉదయగిరి పాలకుని కొలువునందలి గంగయమంత్రికి అంకితమిచ్చిరి. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి ఆ దుర్గమును గైకొని, అచ్చటి బాలకృష్ణవిగ్రహమును విజయనగరమునకు తరలించెను. ఈ రెండు సంగతులను చెప్పి మన చరిత్రకారులు కొండ దిగిపోవుదురు. ఆ కొండక్రింది ఊళ్లలో జనులేమి పాడుకొనుచుండిరో, ఎవరు పాడుచుండిరో, ఎవరు విని తప్పొప్పులు చెప్పుచుండిరో అడిగినవారు అరుదు. తూర్పున పెన్నకు చేరువనున్న ఆత్మకూరు విషయమున ఆ పాటి ప్రసంగమును అరుదే.

ఈ వ్యాసము ఆ ప్రశ్నలలో కడపటిదానిని గూర్చినది. పాటను విని తప్పొప్పులు నిర్ణయించు అధికార మెవరిది? లిఖితగ్రంథముల విషయమున ఈ ప్రశ్నకు మనకొక శాస్త్రమే కలదు, దానిని పాఠపరిష్కరణమందుము. తాళపత్రప్రతులను సేకరించి, పాఠభేదములను సరిచూచి, లేఖకదోషముల నేరివైచి, కవిహృదయమునకు సన్నిహితమైన పాఠమును నిర్ణయింతుము. నోటిపాటకు తాళపత్రము లేదు. ఇతడు కవియని చూపుటకు ఒక వ్యక్తియు లేడు. ఉన్నది పాడునామె, వినునామె. ఆ యిద్దరి నడుమ జరుగు సవరణయే అచ్చట పరిష్కరణము. ఈ సవరణాధికారము గడచిన నూటయేబది సంవత్సరములలో చేతులు మారుచు వచ్చినది. మొదట సంకలనకర్త చేతికి, పిదప ఆకాశవాణి స్టూడియో చేతికి పోయినది. ఇటీవల కమ్యూనిటీ రేడియో అను చిన్న యంత్రము మూలమున అది మరల పాడువారి వాకిటికి వచ్చు నవకాశము కలిగినది. వచ్చినదా, వచ్చినయెడల ఎంతవరకు వచ్చినది అని విచారించుటయే నా యుద్దేశము. రేడియోతో సాహిత్యశాఖ కేమి పనియని అడుగు మిత్రులు మా శాఖలోనే కలరు. వారికి నా సమాధాన మీ వ్యాసము.

తెలుగు నోటిపాట అచ్చునకెక్కిన చరిత్రలో 1874లో జె. ఏ. బాయిల్ ఇండియన్ యాంటిక్వెరీ పత్రికయందు ప్రకటించిన వ్యాసము తొలినాటి వానిలో నొకటి. ఇరువదవ శతాబ్దమున నేదునూరి గంగాధరము వంటి వారు ఊరూర తిరిగి పాటలు ప్రోగుచేసిరి. 1958లో వెలువడిన బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ ఆ పాటలకు విశ్వవిద్యాలయమున పీట వేసినది. వీరందరికిని మనము ఋణపడియున్నాము. వీరు లేనిచో నేడు ఈ విషయమున మాటాడుటకు ఆధారమే లేకుండెడిది. కాని అచ్చునకొక స్వభావము కలదు. సంకలనకర్త ఒకసారి వినును, ఇంటికిపోయి వ్రాయును, సందేహము కలిగినచోట తన చదువును ఆశ్రయించును. అచ్చుచిత్తు పాడినవారికి చూపు ఆచారము మనలో ఏర్పడలేదు. చూపినను వారిలో పెక్కుమంది చదువలేరు. కావున అచ్చులోని పాటకు సవరణ చెప్పగలిగినవాడు మరియొక పండితుడు మాత్రమే.

ఈ విషయమున ముందు నా తప్పును చెప్పుకొనుట న్యాయము. సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట పరిశోధకవిద్యార్థినై ఉదయగిరి ప్రాంతమున తిరుగుచు, ఒక క్యాసెట్టు రికార్డరుతో తిరుగటిపాటలు సేకరించితిని. నేను కృష్ణాతీరమున పుట్టి పెరిగినవాడను. ఒక వృద్ధురాలు పాడిన అత్తాకోడండ్ర పాటలో ‘కయ్య’ అను మాట రెండుమార్లు వచ్చినది. మొబ్బులోనే, అనగా తెల్లవారకముందే, అత్త కోడలిని కయ్యకు పంపినదని భావము. కయ్యమనగా జగడమే కదా యని తలచి, తుదినున్న ‘ము’ వర్ణము పాడుటలో జారిపోయినదని నిర్ణయించి, నా వ్రాతప్రతిలో ‘కయ్యము’ అని పూరించితిని. అంతతో ఊరకుండక, అత్త కోడలిని ఇరుగుపొరుగువారితో జగడమునకు పురికొల్పుట ఇందలి యితివృత్తమని ఒక పేరా వ్యాఖ్యానమును చేర్చితిని. ఆ పుట పరీక్షకుల కన్ను దాటిపోయినది. పట్టము వచ్చినది.

పెక్కేండ్లకు మరల ఆ యూరికి పోయి, అదే పాటను ఒక వసారాలో పదిమంది స్త్రీల యెదుట వినిపించితిని. పాడినామె అప్పటికి గతించినది. పాట ముగిసినపిదప నా వ్యాఖ్యానమును వాడుకమాటలలో చెప్పగా వారందరును నవ్విరి. ఒకామె, “కయ్యంటే జగడం గాదు నాయనా, వరి కయ్య. ఆ పిల్లని పొద్దు పొడవకముందే కలుపుకి తోలింది” అన్నది. నెల్లూరివారికి కయ్యయనగా వరిమడి. ఒక్క ‘ము’ చేర్చి నేను మడిని జగడముగా మార్చితిని. ఆ కోడలి కష్టమును చెరిపి, ఆమెను గయ్యాళిగా చేసితిని. ఇది అచ్చుతప్పు కాదు. వ్యాకరణము తెలిసినవాడు మాత్రమే చేయగల తప్పు.

పదిమంది స్త్రీలకు ఒకమారు వినిపించినంతనే సరియైన పాఠము దొరకినది. ఇరువదియేండ్లు గ్రంథాలయమున నుండి దొరకలేదు. కమ్యూనిటీ రేడియోను గూర్చి నేను ఆలోచింప మొదలిడినది ఆనాడే.

ఆకాశవాణి సంగతి కొంత వేరు. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము ప్రారంభమైనది. నెల్లూరు అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును, 1963లో కడప కేంద్రమును వచ్చినవి. పాటక జనుల పాటకు గౌరవమున్నదని చదువుకొన్నవారికి చెప్పినది ఆకాశవాణియే. గ్రామస్థుల కార్యక్రమములలో మెట్టపొలముల మాట, పల్లెయాస మొదట వినబడినదియు అచ్చటనే. కాని స్టూడియోకు గడియారము కలదు, ధ్వనిపరీక్ష కలదు, పరీక్షలో నెగ్గిన గాయకుల పట్టిక కలదు. తెల్లవార్లు సాగవలసిన కథ అరగంటకు కుదింపబడును. పదిమంది వంతులవారీగా అందుకొనవలసిన చరణములను ఒక్క గొంతు పాడును. వయొలిను, తబలా తోడగును. తుదకు వినవచ్చునది జానపదశైలియేగాని జానపదము కాదు. ఇందు దుర్బుద్ధి యేమియు లేదు. దూరమునుండి అనేక జిల్లాలకు వినిపింపవలసిన యంత్రము ఏ జిల్లాయాసను పూర్తిగా పలుకజాలదు. ‘కయ్య’ అనిన గుంటూరివారికి అర్థము కాదు. అందుచే స్టూడియోలో అది ‘మడి’ యగును. నేను అర్థము మార్చితిని. స్టూడియో మాటను మార్చినది. రెండుచోట్లను పాడినామెను అడుగలేదు.

పంచాయతీ కార్యాలయమున నొక రేడియో పెట్టి ఊరివారందరును కూర్చుండి వినిన కాలమొకటి కలదు. దానిని తలచుకొని, సామూహిక శ్రవణమే కమ్యూనిటీ రేడియోయని కొందరు పొరబడుదురు. 1956లో పూనా ప్రాంతమున యునెస్కో సహాయముతో ఆకాశవాణి జరిపిన గ్రామీణ శ్రవణమండలుల ప్రయోగము ఆ మార్గమున ఒక మెట్టు ముందుకు పోయినది. రైతులు వినిన పిదప చర్చించి, తమ ప్రశ్నలను కేంద్రమునకు పంపుచుండిరి. ప్రశ్నించు హక్కు అచ్చట లభించినది; పలుకు హక్కు లభింపలేదు. సింహళమున 1981లో మొదలైన మహావేలి రేడియో ఇంకొక మెట్టు ఎక్కినది. కార్యక్రమ నిర్మాతలు జలాశయపథకపు పల్లెలకు పోయి, కొన్ని దినము లక్కడనే బసచేసి, పల్లెవారితో కలిసి పాటలను, నాటకములను ధ్వనిముద్రణము చేయుచుండిరి. సవరణ అచ్చటికక్కడ జరుగుటకు అట్టి బసయే తగిన మార్గము. అయినను నిర్మాత వచ్చినవాడే, పోవువాడే.

మన దేశమున ద్వారము తెరచినది పాట కాదు, క్రికెట్టు. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఆటల ప్రసారమునకు సంబంధించిన వ్యాజ్యమున, ఆకాశతరంగములు ప్రజల సొత్తని తీర్పుచెప్పినది. ఆ తీర్పును పల్లెలకు అన్వయింపుడని 2000లో జహీరాబాదు చెంత పస్తాపురమున సమావేశమైనవారు కోరిరి. 2002లో విద్యాసంస్థలకు మాత్రము అనుమతి లభించినది. అదే సంవత్సరమున కర్నూలు జిల్లా ఓర్వకల్లులో మహిళాసంఘములవారు ‘మన రేడియో’ అనుపేర ఒక చిన్న కేంద్రమును నడపసాగిరి. అనుమతి లేదను కారణమున అది కొలదినెలలకే మూతపడినది. కోలారు జిల్లా బూదికోటలో ‘నమ్మ ధ్వని’వారు ఆ చిక్కును మరియొక విధమున దాటిరి. తరంగములు నిషిద్ధమైనచో తీగలు నిషిద్ధము కావు గదా యని, మొదట సంతలో లౌడుస్పీకరు ద్వారా వినిపించి, 2003లో కేబుల్ తీగలమీద ఇండ్లకు చేర్చిరి. 2006 నవంబరులో వచ్చిన విధానము స్వచ్ఛందసంస్థలకును ద్వారము తెరచినది.

అటుపిమ్మట 2008 అక్టోబరు 15న నాటి మెదకు జిల్లా మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘముల ‘సంఘం రేడియో’ 90.4 మెగాహెర్ట్జులమీద ప్రారంభమైనది. విద్యాసంస్థలకు వెలుపల దేశమున అనుమతి పొందిన కమ్యూనిటీ రేడియోలలో ఇది మొదటిది. దానిని నడపినవారు ఆల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ అను ఇద్దరు దళితస్త్రీలు. అనుమతి రాకముందు దాదాపు పదియేండ్లపాటు వారు ధ్వనిముద్రణము చేసి, ఆ టేపులను సంఘముల సమావేశములలో వినిపించుచుండిరి. సాహిత్యవిద్యార్థికి ఆ పదియేండ్లే మిక్కిలి ముఖ్యమైనవని నా తలంపు. టేపును పదిమంది నడుమ పెట్టి వినిపించినపుడు వినువారు ఊరకుండరు. ఈ చరణము మా యూర నిట్లుండదని యొకతె చెప్పును. ఆ విత్తనము పేరు అది కాదని మరియొకతె చెప్పును. మరునాడు ఆ సవరణయు ధ్వనిముద్రితము కావచ్చును. పాడినామె, వినినామె, యంత్రము త్రిప్పినామె ముగ్గురును ఒకే తరగతివారు, ఒకే యాసవారు. కన్నడము, ఉర్దూ కలిసిన జహీరాబాదు తెలుగును ఆ రేడియోలో ఎవరును దిద్దలేదు. వ్యాఖ్యాత్రి పలుకును, పాటలోని పలుకును ఒక్కటియే. ఆకాశవాణిలో ఈ రెండింటి నడుమ ఎప్పుడును ఒక మెట్టు ఉండెడిది: ప్రమాణభాషలో పరిచయము, పల్లెభాషలో పాట. పరిచయపువాక్యమే శ్రోతకు ఇది మీది కాదు, మీకు చూపుచున్నాము అని చెప్పుచుండెడిది.

మాచనూరును కేవలము స్తుతించి విడుచుట విమర్శ కాదు. ఆ సంఘముల ఉద్యమము విత్తనములది, చిరుధాన్యములది, మెట్టసేద్యముది. ఆ యుద్యమము గొప్పది. 2023 మార్చిలో కీర్తిశేషులైన పి. వి. సతీశ్‌గారి జీవితకృషి దాని వెనుక నున్నది. కాని ఉద్యమమునకు పాట సేవకురాలగునపుడు ఒక చిక్కు పుట్టును. పాతపంటలను గూర్చి పాత పాటలున్నవి. వానితోపాటు పాతపంటలను ప్రచారము చేయుటకు కట్టిన క్రొత్త పాటలును ఉండును. రెండును ఒకే గొంతున, ఒకే వరుసలో వచ్చునపుడు శ్రోతకు తేడా తెలియదు. కొన్నియేండ్లకు పాడువారికిని తెలియదు. క్రొత్తపాట కట్టుట తప్పు కాదు, జీవించు సంప్రదాయము ఎల్లపుడును క్రొత్తవానిని కట్టుచునే యుండును. అయితే ప్రచారగీతమున ఎవరును చరణమును మార్చరు. మార్చినచో సందేశము చెడును. సవరణకు చోటులేని పాట పల్లెలో పుట్టినను అచ్చుపాట వంటిదే. ఒక కేంద్రపు పాటలలో వినువారి నోట మారినవి యెన్ని, మారనివి యెన్ని అని లెక్కించినచో ఆ కేంద్రపు స్వరూపము తెలియగలదు. ఎన్ని గంటలు ప్రసారము చేసినది, ఎందరు వినిరి అను లెక్కలకంటె ఇది సాహిత్యమునకు దగ్గరి కొలత.

ఇప్పుడు పడమటి నెల్లూరికి వత్తము. ఉదయగిరి, దుత్తలూరు, వింజమూరు, సీతారామపురము మెట్టప్రాంతములు, వానపై ఆధారపడినవి. ఆత్మకూరు, అనంతసాగరము వైపు పెన్నానది, సోమశిల జలాశయము కలవు. ఒకే జిల్లాలో ఒకే పాట ఈ రెండు నేలలమీద రెండు విధములుగా నుండుట సహజము. సంక్రాంతినెలలో గొబ్బిపాటలు రెండుచోట్లను కలవు. చెక్కభజన, కోలాటము రామమందిరముల చుట్టును నేటికిని సాగుచున్నవి. అంకమ్మ కొలుపులలో పంబలవారు పంబ, జమిడిక వాయించుచు కథలు పాడుదురు. తోలుబొమ్మలాటకు నెల్లూరు ప్రసిద్ధిగన్న సీమలలో నొకటి. ఆత్మకూరునకు చేరువనున్న అనుమసముద్రంపేటలో ఖాజా నాయబ్ రసూల్ దర్గా గంధోత్సవమునకు హిందువులు, మహమ్మదీయులు కలిసి వత్తురు. ఉదయగిరిలో కొయ్యచెంచాలు, గరిటెలు చెక్కు మహమ్మదీయ కుటుంబములు కలవు. చేతికి పని యుండి చెవికి తీరికయున్నవారు వారు. రేడియోకు అంతకంటె మంచి శ్రోతలు దొరకుట కష్టము. వారి యింటిభాష దక్కనీ. యానాదులు, ఎరుకలు ఈ సీమయందు కలరు. ఎరుకలకు తమదైన భాష కలదు. కార్యక్రమములలో సగమైనను స్థానికముగా తయారు కావలెననియు, సాధ్యమైనంతవరకు స్థానికభాషలో నుండవలెననియు 2006 నాటి విధానము చెప్పినది. ఉదయగిరిలో స్థానికభాష ఏది? తెలుగని వ్రాసికొని ఊరకున్నచో ఆకాశవాణి మెట్టునే మరల కట్టినవార మగుదుము, కొంచెము పొట్టిదిగా.

భూమియు తన మాట చెప్పును. కమ్యూనిటీ రేడియోకు ఆ విధానము విధించిన ప్రసారశక్తి సాధారణముగా 100 వాట్లు, గోపురము ఎత్తు 30 మీటర్లకు మించరాదు. చదునునేలను అది పది పదునైదు కిలోమీటర్ల మేర వినబడును. ఈ తరంగము చూపు వంటిది, అడ్డమైనదానిని దాటదు. ఉదయగిరి దుర్గము వేయి మీటర్లకు తక్కువయైనను ఎదుట నిలిచినదానికి చాలినంత అడ్డు. ఉదయగిరికిని ఆత్మకూరునకును తిన్నగా కొలిచినను 40 కిలోమీటర్లకు పైబడిన దూరము. కావున ఒక కేంద్రము రెండింటికిని చాలదు. దీనిని లోపమని ఇంజనీర్లు చెప్పుదురు. నాకది గుణముగా తోచుచున్నది. పాట ఎంతదూరము ఒకే రూపమున నుండునో, రేడియోయు ఇంచుమించు అంతదూరమే వినబడుచున్నది. కొండ ఇవతలి పాఠము అవతలి పాఠమును మ్రింగివేయు భయము లేదు. క్యాసెట్టుల కాలమున అట్టిది జరిగినది. పట్టణమున ముద్రించిన ఒక్క భజన క్యాసెట్టు ఊరూరి భజనమండలుల వరుసలను ఒక్కటిగా చేసినది. నేను మొదట తిరిగిననాడు మూడూళ్లలో మూడు వరుసలతో వినిన ఒక చెక్కభజనపాట నేడు మూడూళ్లలోను ఆ క్యాసెట్టు వరుసనే వినబడుచున్నది.

అంకమ్మ కొలుపు విషయమున నాకొక సందేహము తీరలేదు. కొలుపుకథ వినోదము కాదు, అది క్రతువు. పాడువారికి అది వంశపారంపర్యమైన హక్కు, వృత్తి, జీతము. దాని కొక రాత్రి, ఒక ముగ్గు, ఒక నియమము కలవు. దానిని సాయంకాలపు ప్రసారమున అరగంట వినిపించినచో వారి ప్రతిష్ఠ పెరుగునా, వృత్తి తరుగునా? పరిశోధకులమైన మనము ఈ ప్రశ్నను వేయలేదు, అడుగకయే ముద్రించితిమి. పాటను సవరించు హక్కు పాడువారిదని యొప్పుకొన్నచో, పాడక యూరకుండు హక్కును వారిదేయని యొప్పుకొనవలెను. ఒక కేంద్రము పంబలవారిని పిలిచి, వారు వలదన్నచో ఆ అరగంటలో వారెందుకు వలదనిరో వారి మాటలలోనే వినిపించినచో, అది పదిపాటలకంటె విలువైన ప్రసార మగునని నేను తలచుచున్నాను.

ఇంకొక యిబ్బంది చట్టమునకు సంబంధించినది. కమ్యూనిటీ రేడియో స్వయముగా వార్తలు తయారుచేసి చెప్పరాదు. పండుగలు, వాతావరణము, ఆటలు మొదలగు స్థానిక సమాచారము చెప్పవచ్చును. వార్తకును పాటకును నడుమ గీత గీచినవారికి నోటిపాట స్వభావము తెలియదని చెప్పక తప్పదు. 1876–78 నాటి ధాత కరువు నెల్లూరు జిల్లాను గూడ పీడించినది. అట్టి కరువును గూర్చి ఆ కాలమున పాడినామె వార్త చెప్పినదా, పాట పాడినదా? చెరువు తెగిన కథ, కూలి తగ్గిన కథ, పెద్దమనుష్యుని ఎగతాళిచేయు కోలాటపుచరణము, ఇవన్నియు పుట్టిననాడు వార్తలే. నూరేండ్లు గడచిన పిదప వానిని జానపదసాహిత్యమని మనము పూజింతుము. ఈ యేటి చెరువును గూర్చి ఈ యేడు కట్టిన పాటను వినిపించుటకు కేంద్రమువారు జంకినచో పాతపాటల పెట్టెగా మిగులుటకంటె వేరుగతి లేదు.

అదే విధానమున మరియొక నిబంధన కలదు. ప్రసారము చేసిన కార్యక్రమములను మూడుమాసములు భద్రపరుపవలెను. ప్రభుత్వదృష్టిలో ఇది చాలును. ఫిర్యాదు వచ్చినచో పరిశీలించుటకు ఉద్దేశింపబడినది గాని సాహిత్యమునకు కాదు. మూడుమాసముల పిమ్మట ఆ ధ్వనులను చెరిపివేసినను అడుగువారు లేరు. చిన్నకేంద్రమునకు నిల్వచేయు స్థలము, ధనము తక్కువ. ఒక సంక్రాంతి గొబ్బిపాట మరుసటి సంక్రాంతివరకు ఉండునను నమ్మకము లేదు. సవరణ వినబడిన దినమే సవరణ యగును. గురుతులేనిచో మరునాడు అది గాలి. సాహిత్యశాఖలు చేయదగిన పని ఇచ్చట కనబడుచున్నది. మనము పాటలు సేకరించి తెచ్చుకొనుట చాలించి, వారు ప్రసారము చేసినదానిని వారి పేరున, వారి అనుమతితో భద్రపరచి, అడిగిననాడు తిరిగి యీయవలెను. ఇందు పండితుని పని తగ్గదు. ఏ సవరణ ఏ యూరిది, ఎవరిది, ఏ పండుగకు వచ్చినది అని పట్టిక వ్రాయుట తాళపత్రప్రతుల పట్టిక వ్రాయుటకంటె సులభము కాదు. పాఠమును నిర్ణయించు పని మాత్రము మన చేతిలో నుండదు. మనలో కొందరికి ఇది రుచింపదని యెరుగుదును. ఇరువదియేండ్ల క్రిందట నాకును రుచించియుండెడిది కాదు.

వసారాలోని ఆ దినమున జరిగినదానిలో కొంత చెప్పక నిలిపితిని. కయ్యయనగా వరిమడియని చెప్పిన స్త్రీ మాట ముగియకముందే, వింజమూరు వైపునుండి ఆ యూరికి కోడలై వచ్చిన మరియొకామె అడ్డుతగిలి, “మా ఊళ్లో చేనికి తోలిందంటాం. మాకు కయ్యలేడుండాయి?” అన్నది. ఆమె పుట్టినయూరు మెట్ట. అచ్చట వరి లేదు. నీరున్నచోట కోడలు మడికి పోయినది. నీరు లేనిచోట చేనికి పోయినది. రెండు పాఠములును సరియైనవే. ఏది మూలమని అడుగుటకు నా నోట మాట వచ్చి ఆగినది. వారిద్దరును ఆ పిదప చాలసేపు వాదించుకొనిరి. తక్కినవారు చెరియొక పక్షమున చేరిరి. నేను రికార్డరు నిలుపక ఊరకుంటిని.

తిరిగివచ్చిన పిదప గ్రంథాలయములోని నా సిద్ధాంతగ్రంథప్రతిని తీసి, ఆ పుటలో ఒక చీటి అంటించితిని. దానిమీద ‘కయ్య: వరిమడి. వింజమూరు వైపు పాఠము: చేను’ అని వ్రాసి, సవరణ చెప్పిన యిద్దరి యూళ్ల పేర్లను క్రింద చేర్చితిని. వాదించుకొన్న ఆ ముప్పావుగంట ధ్వనిముద్రణమును ఒక ప్రతి తీసి ఆ వసారాగల యింటివారికి పంపితిని. దానిని వారు మరల విని, ఇంకొకచోట తప్పున్నదని కబురుచేసిరి. అది యేమో తెలిసికొనుటకు ఈ సంక్రాంతికి పోవలసియున్నది.